మామ్మగారు తుడిచేయమన్న రికార్డింగు

సింగపూర్‌లో మేముండే బూన్ లే పేట తెలుగు అమ్మల వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ వచ్చినప్పుడు నేను పాపకు జ్వరం ఉందేమో చూస్తున్నాను. లేదు. పొద్దున్న కూడా లేదు. "థర్మామీటరుకే జ్వరం వచ్చేలా ఉంది" అని మా ఆయన నవ్వి ఆఫీసుకు వెళ్ళిపోయాడు. మెసేజ్‌లో ఇలా ఉంది: చాలా ఏళ్ళ కిందట ఇక్కడ స్థిరపడిన తెలుగు పెద్దవాళ్ళతో మాట్లాడి, వాళ్ళ మాటలు, వాళ్ళకు తెలిసిన సంగతులు రికార్డు చేయడానికి తెలుగు వచ్చినవాళ్ళు కావాలి. జీతం లేదు. పిల్లల్ని తెచ్చుకోవచ్చు.

ఆ చివరి ముక్క చూసి పేరు ఇచ్చేశాను.

నేను చదివింది బయోటెక్నాలజీ. పెళ్ళయ్యాక సింగపూర్ వచ్చి ఒక ల్యాబులో కొన్నాళ్ళు పనిచేసి, పాప పుట్టాక మానేశాను. పగలంతా ఫ్లాటులో మేమిద్దరమే. అది దగ్గితే ఒక భయం, దగ్గకుండా ఎక్కువసేపు పడుకుంటే ఇంకో భయం. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. వేలు తగిలి అది లేచి ఏడిస్తే, హమ్మయ్య అనుకునేదాన్ని. పాప పడుకున్నాక కూర్చుని రాసుకుంటుంటే ఇప్పుడు నవ్వొస్తోంది. అప్పుడు మాత్రం ఏ గదిలో ఉన్నా ఒక చెవి ఉయ్యాల దగ్గరే ఉండేది.

ఈ పని నడిపించేది ఒక చైనీస్ ఆవిడ. వాళ్ళ నానమ్మ టియోచ్యూ అనే చైనా భాష మాట్లాడేదట. ఆమె ఉన్నన్నాళ్ళూ తాను ఇంగ్లీషులోనే జవాబు చెప్పేదాన్నని, ఆమె పోయాక ఆ గొంతు ఒక్క నిమిషం కూడా దాచుకోలేదని తెలిసిందని మొదటి రోజే చెప్పింది. మాకు శిక్షణ ఇవ్వడానికి లైబ్రరీలో ఒక గది తీసుకుంది. అక్కడ తెర మీద మాతో మాట్లాడింది ఉత్తర కెనడాలోని గ్విచిన్ జాతి స్త్రీ. తమ పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని భాషను, నదుల పేర్లను, వేట సంగతులను రికార్డు చేసి భద్రపరచడం ఆమె వృత్తి. మాకు శనివారం పొద్దున్న. ఆమెకు ఇంకా శుక్రవారం సాయంత్రమే, కిటికీ బయట మంచు.

"మొదట్లో మేమూ కుర్చీలు వేసి, ప్రశ్నలు రాసుకుని కూర్చున్నాం" అందామె. "మా పెద్దవాళ్ళు మర్యాదగా రెండు ముక్కలు చెప్పి, టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. తర్వాత ఎండాకాలంలో నది ఒడ్డున చేపలు కోసి ఎండబెట్టే చోటికి వాళ్ళతో పాటు వెళ్ళాం. చేతిలో కత్తి, ముందర చేప ఉన్నాక ఇక వాళ్ళను ఆపడం మా వల్ల కాలేదు."

అందరం నవ్వాం. ఆమె మాత్రం కాస్త ఆగి ఇంకో మాట చెప్పింది. తమ పెద్దవాళ్ళలో చాలామందిని చిన్నప్పుడు ఇళ్ళకు దూరంగా బడుల్లో పెట్టారని, అక్కడ సొంత భాష మాట్లాడితే శిక్షించేవాళ్ళని, అందుకే కొందరు ఈనాటికీ ఆ భాషలో నోరు తెరిచే ముందు గొంతు తగ్గిస్తారని. "అందుకని ఒక్క నియమం. యంత్రం మీదే అయినా మాట వాళ్ళది. ఉంచమంటే ఉంచండి. ఇంట్లోవాళ్ళే వినాలంటే అలాగే దాచండి. తుడిచేయమంటే తుడిచేయండి. బేరం ఆడకండి."

నా ఒళ్ళో పాప కదిలింది. "పిల్ల ఏడిస్తే రికార్డింగు పాడవుతుందేమో?" అని అడిగాను. "మా రికార్డింగులు వేటిలో విన్నా ఎక్కడో ఒక పిల్ల ఏడుస్తూనే ఉంటుంది" అందామె. ఆ మాటతో నాకు సగం ధైర్యం వచ్చింది.

నాకు అప్పగించిన మామ్మగారి ఇల్లు హౌగాంగ్‌లో. ఎనభై దాటిన మనిషి. పుట్టింది మలేసియాలో, పెరాక్ వైపు ఒక కొబ్బరి ఎస్టేట్లో. వాళ్ళ తాతల కాలంలో మన కోస్తా నుంచి ఓడల్లో అక్కడికి పనికి వెళ్ళిన కుటుంబం. చిన్నతనంలో ఎస్టేట్ ఆయా కొట్టంలో పనిచేశారు. తల్లులు తోటలోకి వెళ్ళినప్పుడు వాళ్ళ పసిపిల్లల్ని ఉంచే పాకను అలా అనేవాళ్ళట. సింగపూర్ ఓడరేవులో పనిచేసే ఆయన్ని పెళ్ళాడి ఇక్కడికి వచ్చారు. ఆయన పోయాక, బస్సు డ్రైవరుగా రిటైరైన కొడుకుతో ఉంటున్నారు. ఆ కొబ్బరి తోటలో పుట్టి పెరిగిన తెలుగు, ఆ పాకలో నేర్చిన పని, రెండూ ఆవిడతో పాటు పోకుండా దాచాలి. నా పని అంతే.

మొదటిసారి వెళ్ళేసరికి మామ్మగారు జరీ చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, సోఫాలో నిటారుగా కూర్చుని ఉన్నారు.

"నమస్కారం. మా గృహమునకు విచ్చేసినందుకు చాలా సంతోషముగా ఉన్నది."

నేను ఉలిక్కిపడి రెండు చేతులూ జోడించాను. రికార్డరు పెట్టి ఎస్టేట్ గురించి అడిగాను.

"మా పూర్వీకులు ఓడ ప్రయాణము చేసి మలయా దేశమునకు వచ్చిరి. కొబ్బరి తోటలలో శ్రమించి జీవించిరి."

"ఆయా కొట్టంలో మీరేం చేసేవారండీ?"

"పసిబిడ్డలను ఎంతో ప్రేమగా చూసుకొనెడివారము."

ఏ ప్రశ్నకైనా ఒక్కటే వాక్యం, చివర ఒక చిన్న నవ్వు. అయినా నాకు సంతోషంగానే ఉంది. ఇన్నేళ్ళు పరాయి దేశంలో ఉండి ఇంత శుభ్రమైన తెలుగా అని ముచ్చటపడ్డాను. కొడుకు కాఫీ, కర్రీ పఫ్‌లు తెచ్చి పెట్టి, తల్లి నోరు తెరిచినప్పుడల్లా కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు ఎందుకు కదులుతున్నాయో లిఫ్టు దగ్గరికి వచ్చాక గాని నాకు తెలియలేదు.

"ఏటమ్మా, నువ్వు ఎవలితో మాటాడినావు?" అన్నాడు స్ట్రాలర్ ఎక్కించడానికి సాయం చేస్తూ.

"మీ అమ్మగారితోనే కదా అంకుల్."

"ఆవిడ మా అమ్మ కాదు లా!" అన్నాడు, సింగపూర్ వాళ్ళలా మాట చివర 'లా' తగిలించి. " వారం నుంచీ టీవీ ముందల కూకోని ప్రాక్టీసు. ఆ దేవుళ్ళ సీరియల్ ఉంటాది సూడు, అది. నాతోటి కూడా 'నాయనా, భోజనము సిద్ధముగా ఉన్నది' అంటన్నాది. నాకు బయమేసీసినాది. డాట్రు కాడికి అట్టుకుపోదామా అనుకున్నాను."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయనా నవ్వాడు గాని, లిఫ్టు తలుపు పడిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా అన్నాడు. "ఒకపాలి పండగలో ఇండియా నుంచొచ్చిన ఆడోళ్ళు ఇదేం తెలుగండీ అని నవ్వీసినారంట. అప్పుటి నుంచి బయట నోరు తెరవదు. ఇంగిలీసో తమిళమో మాటాడేస్తాది. సదువుకున్న పిల్ల వస్తన్నాదని నీ కోసం ఇదంతా."

అవుట్రామ్ పార్క్‌లో రైలు మారి ఇల్లు చేరేదాకా ఆ మాటే మనసులో తిరిగింది. మాది విజయనగరం దగ్గర పల్లె. విజయవాడలో హాస్టల్లో చేరిన మొదటి నెలలోనే, నోట్లోంచి మా ఊరి మాట వస్తే గది మొత్తం ఎలా నవ్వుతుందో చూశాను. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. నన్ను ముద్దుగా ఏడిపించేవాళ్ళు, నేను చెప్పిన మాటను నాకే తిరిగి చెప్పించుకునేవాళ్ళు. సంక్రాంతి సెలవులయ్యేసరికి నేను వాళ్ళలాగే మాట్లాడుతున్నాను. మా ఆయనది గుంటూరు. ఆయనతో పెళ్ళిచూపుల నుంచీ ఈ హాస్టల్ తెలుగే. అమ్మతో మాత్రం మా ఊరి మాటే. కానీ ఫోను తీసుకుని బట్టలుతికే వరండాలోకి వెళ్ళి, వాషింగ్ మెషీను పక్కన నిలబడి మాట్లాడతాను. ఎందుకలా వెళ్తానో అంతకుముందు ఎప్పుడూ ఆలోచించలేదు.

పని నడిపించే ఆవిడకు రికార్డింగు వినిపించాను. తెలుగు రాకపోయినా ఆమె చివరిదాకా విన్నది.

"నువ్వు మాట్లాడే తెలుగుకీ దీనికీ ఏం తేడా?"

"ఇంకా గ్రాంథికంగా ఉంది. టీవీలో పురాణాల వాళ్ళు మాట్లాడినట్టు."

"మరి ఆవిడ తెలుగు ఎక్కడుంది?"

రికార్డరు మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను.

రెండోసారి తెలివిగా వెళ్ళాననుకున్నాను. చేపలు కోసే చోటికి వెళ్ళమన్న మాట గుర్తుంది కదా. లిటిల్ ఇండియాలో దిగి మామ్మగారి కోసం తమలపాకులు కొని, వంట టైముకు వెళ్ళాను. "మీరు వంట చేసుకుంటూ మాట్లాడండి, నేను పక్కన నిలబడతాను" అన్నాను. మామ్మగారు కంగారుపడిపోయారు. "వంటశాలలోనా? వద్దు వద్దు. అచ్చట పరిశుభ్రముగా లేదు." మళ్ళీ సోఫా, మళ్ళీ జరీ చీర. రికార్డరు మీద గాలి చప్పుడు పడకుండా తొడిగే బొచ్చు తొడుగు ఒకటి ఉంటుంది, బూడిద రంగు పిల్లికూనలా. దాన్ని సర్ది ఆన్ చేశాను. కొబ్బరి నూనె ఎలా తీసేవారని అడిగితే, "మిక్కిలి శ్రమతో" అన్నారు.

అప్పుడు పాప ఏడుపు అందుకుంది.

మామూలు ఏడుపు కాదు. మొహం ఎర్రబడి, వెనక్కి విరుచుకుపడుతూ ఏడుస్తోంది. నేను లేచి అటూ ఇటూ ఊపాను. పాలసీసా పెడితే తోసేసింది. నుదురు చూశాను, డైపర్ చూశాను. ఫోన్లో డాక్టరు నంబరు వెతుకుతున్నాను, ఒక చేత్తోనే పాపను ఊపుతూ.

"ఓలమ్మో! ఏటే ఆ ఊపడం! గుంటకి కళ్ళు తిరిగిపోతాయి. ఇటియ్యి!"

ఎవరన్నారో ఒక్క క్షణం అర్థం కాలేదు. మామ్మగారు సోఫా దిగి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

"ఆకలేమోనండీ..."

"ఆకలేటి? ఇప్పుడే గదా సీసా తోసీసినాది. ఆకలేడుపు ఇలాగుంటాదేటి? ఆకలైతే గుంట ఏడ్సి ఆగుతాది. నీకినబడిందో నేదో సూసుకోని మళ్ళీ ఏడుస్తాది. ఇది పొట్ట. ఇటియ్యే అంటంటే!"

ఇచ్చాను. కాళ్ళ మీద బోర్లా వేసుకుని వీపు నిమిరారు. ఆగలేదు. వెల్లకిలా తిప్పి పొట్ట రాశారు. ఆగలేదు.

"అయితే ఇది నిద్దర."

భుజాన వేసుకుని జో కొట్టారు. ఇంకా గట్టిగా ఏడ్చింది.

"అయితే ఒట్టి పెంకితనం. నీ పోలికేనా, వాళ్ళ నాన్న పోలికా?"

ఇంతలో పాప ఏడుస్తూనే ఆవిడ భుజం మీంచి బల్ల వైపు చెయ్యి చాపింది. రికార్డరుకు తొడిగిన బొచ్చు తొడుగు వైపు. మామ్మగారు దాన్ని సర్రున లాగి పాప చేతిలో పెట్టారు. ఏడుపు కొళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. తొడుగు నోట్లోకి వెళ్ళింది.

"అయ్యో, అది ఎంతమంది పట్టుకున్నారో!"

"నీ సదువు కబుర్లు తరవాత సెప్పుదువు గాని, గుంటని తిననీ. సూసినావా, నాను సెప్పినాను గదా."

ఆవిడ అలాంటిదేమీ చెప్పలేదు. కానీ ఆ నిమిషంలో ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. వచ్చి పక్కన నేల మీద కూర్చున్నాను. ఆవిడ ఇక ఆగలేదు. పిల్లను నేనెత్తుకునే తీరును తిట్టారు, స్ట్రాలర్ బెల్టులను తిట్టారు, నా సన్నటి చేతులను తిట్టారు. అక్కడి నుంచి ఆయా కొట్టంలోకి వెళ్ళిపోయారు.

"అమ్మలందరూ సీకటుండగానే తోటకెళ్ళిపోతారు. పాక నిండా ఉయ్యాళ్ళే. ఎవలమ్మ పాత సీరతోటి ఆళ్ళ గుంటకి ఉయ్యాల. వాసన మారితే పడుకోవు గదా. ఓ గుంట ఏడ్సిందా, మిగతాయన్నీ అందుకుంటాయి. అప్పుడు మా పెద్దాయా ఏటి సేసేదో తెలుసునా? మొదట ఏడ్సినదాన్ని ఎత్తదు. రెండోదాన్ని ఎత్తుతాది."

"రెండోదాన్నా?"

"మరి! మొదటిదానికి నిజంగా ఏదో కావాల. అది ఎలాగా ఆగదు. దాని కాడికి నిదానంగా ఎల్లొచ్చు. రెండోది ఊరికినే బయపడి ఏడుస్తాది. దాన్ని ఎత్తీసినావనుకో, మూడోది మొదలెట్టదు. నాకిది తెలవడానికి ఎన్నాళ్ళు పట్టినాదో! ముందల నాను మొదటిదాన్ని అట్టుకోని ఊపేదాన్ని, నీలాగే. పాకంతా ఏడుపే. కంగాణి వచ్చి తిట్టేవోడు."

కంగాణి అంటే కూలీల మీద మేస్త్రీ. మధ్యలో తల్లులు పాలివ్వడానికి తోటలోంచి పరుగున వచ్చేవాళ్ళట. పాలు ఎక్కువ పడ్డ తల్లి, పాలు లేని తల్లి బిడ్డకు కూడా ఇచ్చేదట. తెలుగు తల్లి, తమిళ తల్లి అన్న తేడా లేదు. టైం అయిపోతోందని కంగాణి బయట ఈల వేస్తుంటే, పెద్దాయా గుమ్మంలో అడ్డంగా నిలబడి, "గుంట కడుపు నిండినాక పంపుతాను, బోలే?" అని కసిరేదట. సరేనా అన్నదానికి మలయ్ మాట అది. పెద్దాయా గొంతు అనుకరిస్తూ మామ్మగారు పడీపడీ నవ్వారు. ఆవిడ కాళ్ళ మీద పాప కూడా నవ్వింది.

"మరి గుంటలు ఒకదానికొకటి మారిపోవేటి మామ్మా?" అన్నాను.

ఆవిడ నవ్వు ఆపి నా మొహంలోకి చూశారు. "నీది ఏ ఊరే?"

నేను చెప్పేలోపు ఆవిడ చూపు బల్ల మీదికి వెళ్ళింది. రికార్డరు ఎర్రగా వెలుగుతోంది.

"అది ఎలుగుతన్నాదేటి? మొదటి నుంచీనా?"

తలూపాను. ఆవిడ పాపను నాకు ఇచ్చేసి, చీర దించుకుని, గోడ పట్టుకుని లేచి సోఫాలో కూర్చున్నారు. గొంతు మళ్ళీ మారిపోయింది.

"ఇది అంతయు తుడిచివేయండి. మొదటి దినమున చెప్పినది ఉంచండి. అది బాగున్నది."

సరేనన్నాను. నిజం చెప్పాలంటే నాకూ ఒక పక్క హాయిగానే అనిపించింది. పిల్లను ఎత్తుకోవడం కూడా రాని తల్లిగా ఒక అరగంట సేపు తిట్లు తిన్నాను అందులో. అది ఎక్కడో దాచిపెట్టి, ఎవరెవరో వినాలని నాకూ లేదు. ఇంకో పక్క, మొదటి రోజుది ఉంచి దీన్ని తుడిచేస్తే, పెద్దాయా గుమ్మంలో నిలబడిన సంగతి ఇంకెక్కడా ఉండదు. ఆ మాటలు అలా చెప్పగలిగినవాళ్ళు ఇంకెంతమంది మిగిలారో నాకు తెలియదు.

పని నడిపించే ఆవిడకు ఫోను చేశాను. ఆమె వినిపించమని అడగలేదు. "తుడిచేయమంటే తుడిచేయాల్సిందే" అంది. తర్వాత, "కానీ తానేం చెప్పిందో ఆవిడ ఇంకా వినలేదు. వినిపించి అడుగు. ఒక్కసారే అడుగు. అప్పుడూ వద్దంటే అక్కడే, ఆవిడ ముందే తుడిచేయి" అని చెప్పింది.

తీసుకెళ్ళే ముందు ఇంట్లో ఒకసారి సరిచూసుకుంటుంటే మా ఆయన వంటగదిలోంచి వచ్చాడు. "ఎవరావిడ, నిన్ను ఆ రేంజిలో వేసుకుంటోంది? మీ అమ్మా?" అన్నాడు. అసలు ఎవరూ వినకూడదని గబగబా ఆపబోయాను. ఈలోపే నా ప్రశ్న వినబడింది, గుంటలు మారిపోవేటి అన్నది.

"అది నువ్వా?"

"ఊఁ."

"నాతో ఎప్పుడూ అలా మాట్లాడవేం?"

"నవ్వుతావని."

"నవ్వుతాను. నా 'ఏందీ, ఎట్టా'లకు నువ్వు నవ్వట్లేదా?" అని పాపను ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మిగతాది విన్నాను.

తర్వాతి శనివారం హౌగాంగ్ వెళ్ళేసరికి మామ్మగారు మామూలు నేత చీరలో ఉన్నారు. ఇక రికార్డు చేయడం ఏమీ లేదనుకున్నట్టున్నారు. నేను విషయం చెప్పాను. ఒక్కసారి వినండి, తర్వాత మీ ఇష్టం, మీ కళ్ళముందే తుడిచేస్తాను అన్నాను. అంకుల్ కూడా వచ్చి కూర్చున్నాడు.

ఓలమ్మో అన్న మొదటి కేకకే ఆయన కుర్చీలోంచి జారిపోయేంత నవ్వాడు. "ఇదీ మా అమ్మంటే! మా సిన్నప్పుడు ఇదే గొంతు, బ్లాక్ మొత్తం ఇనబడేది!" మామ్మగారు పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నేల చూస్తూ వింటున్నారు. నన్ను తిట్టిన చోట నేనూ నేల చూశాను. పెద్దాయా దగ్గరికి వచ్చేసరికి అంకుల్ నవ్వు ఆగిపోయింది.

"పెద్దాయా గురించి నాకెప్పుడూ సెప్పనేదేటమ్మా?"

"నువ్వెప్పుడైనా అడిగినావేటి? బస్సు, బస్సు అని ఎల్లిపోయేవోడివి."

రెండోదాన్ని ఎత్తాలన్న చోట ఆవిడ ఉన్నట్టుండి చెయ్యెత్తారు. "ఆపు, ఆపు. ఇక్కడ ఒకటి మరిచిపోనాను. రెండోదాన్ని ఎత్తీసి ఊరుకోకూడదు. ఎత్తుకోనే మొదటిదాని కాడికి నడవాల. అది సూస్తాది గదా, నా కాడికే వస్తన్నాదని." ఎవరో తప్పు పాఠం చెబుతుంటే సరిదిద్దినట్టు చెప్పారు. తర్వాత తానే చెప్పానని గుర్తొచ్చినట్టు మళ్ళీ కొంగు నోటి దగ్గరికి వెళ్ళింది.

అయిపోయింది. అడగాల్సింది ఒక్కసారే.

"ఉంచమంటారా మామ్మగారూ, తుడిచేయమంటారా?"

మామ్మగారు కొంగు దించి ఒళ్ళో సర్దుకున్నారు. కింద ఎక్కడో పిల్లలు బంతి ఆడుతున్న చప్పుడు.

"దీన్ని ఎవలింటారు?"

"ఇక్కడి పిల్లలు. చదువుకునేవాళ్ళు. మీ మునిమనవలు పెద్దయ్యాక."

"ఇండియావోళ్ళు ఇంటారా?"

"వినొచ్చు."

"నవ్వుతారా?"

నవ్వరని చెప్పాలనిపించింది. బేరం ఆడొద్దన్నారు కదా. "కొందరు నవ్వొచ్చు" అన్నాను.

ఆవిడ రికార్డరు వైపు గడ్డంతో చూపించారు. "ఇందల సివర్న నీ గొంతు ఉన్నాది. నా లాగే అడిగినావు. ముందలంతా ఏరేలాగ, దొరసానిలాగ. నీది ఏ ఊరో సెప్పనేదు మరి."

చెప్పాను. హాస్టల్ సంగతి చెప్పాను. వాషింగ్ మెషీను పక్కన నిలబడి అమ్మతో మాట్లాడే సంగతి కూడా. ఇదంతా మా ఆయనకే నేను చెప్పి ఉండలేదు.

మామ్మగారు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఓసి నీ అసాద్యం కూలా!" అన్నారు. "నాను నీ కోసం వారం రోజులు టీవీకి అతుక్కుపోనాను. నువ్వేమో నా ముందల దొరసాని ఏసం కడతావా?"

అంకుల్ మళ్ళీ నవ్వు మొదలుపెట్టాడు. "ఇద్దరూ సేరి మంచి డ్రామా ఆడినారు లా."

"ఉంచుతాను" అన్నారు మామ్మగారు. "గాని ఒక్క మాట. నువ్వు దొరసానిలాగ అడిగినవన్నీ పీకీసి, మళ్ళీ అడుగు. మీ ఇంట్ల అడిగినట్టు అడుగు. నవ్వితే ఇద్దర్నీ నవ్వనీ. నానొక్కదాన్నే ఎందుకు?"

ఆ రికార్డింగుల మీద నా పేరు కూడా ఉంటుంది. హాస్టల్ స్నేహితులు ఎవరైనా వింటారేమో అన్న ఆలోచన కూడా వచ్చింది, నేను అలాంటివి ఆలోచించకుండా ఉండలేను కాబట్టి. పాప మాత్రం అప్పటికే పాకుతూ వెళ్ళి ఆవిడ పాదం పట్టుకుంది.

"మరి మొదటి రోజుది ఏం చేయమంటారు?"

"అది తుడిచీ. ఆవిడెవలో నాకే తెలీదు."

అక్కడే, వాళ్ళిద్దరి ముందే తుడిచేశాను. అంకుల్ "మా దేవుళ్ళ సీరియల్ పోనాదే" అని బాధ నటించి, అందరికీ టీ పెట్టడానికి లేచాడు. రికార్డరు బల్ల మీద కాకుండా నేల మీద, మా ఇద్దరి మధ్య పెట్టాను. ఆన్ చేశాను. మామ్మగారు గోడకు ఆనుకుని ఎదురుచూస్తున్నారు, పరీక్షలో పిల్ల ఏం చెబుతుందో చూద్దాం అన్నట్టు.

ఒకసారి దగ్గాను. తర్వాత అమ్మను అడిగేటట్టు అడిగాను.

"మామ్మా, ఆ పెద్దాయా నీకు ఏటవుతాది? ఆవిడ కాడ పని ఎలాగ నేర్సినావు?"

"అలగడుగు మరి" అన్నారు ఆవిడ. "మా అమ్మకి అప్ప వరస. గయ్యాళి. ఆ కత సెప్పాలంటే ముందల మా లయం, అదే మా కూలోళ్ళ ఇళ్ళ వరస, దాని సంగతి సెప్పాల, ఒకే గోడ మీద పదిళ్ళు, ఓ ఇంట్ల దగ్గితే సివరింటోడు నిద్దర లేసేవోడు..."

టీ వచ్చి చల్లారింది. పాప ఎప్పుడు పడుకుందో నేను చూడనే లేదు.